బెల్లం మండీ వాళ్లింట్లో చాక్లెట్ ఫడ్జ్

నా చేత్తో నేను మొదటిసారి సొంతంగా చేసిన మిఠాయి, అంతకు ముందు నేనెప్పుడూ తినని మిఠాయి. తినకపోవడమే కాదు, కంటితో చూసింది కూడా లేదు. దాని పేరు మా అక్క నోట వినడమే. అయినా చెయ్యగలనా లేదా అన్న అనుమానం నాకు రాలేదు. అప్పుడు చిత్తూరులో బీయస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీలో క్లాసుకు మొదటిదాన్ని. ఆ వయసులో, ఆ మార్కులతో, నాకు చేతకాని పని ఒకటుందంటే నమ్మేదాన్ని కాదు.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. పెళ్లై బెంగుళూరులో కాపురం ఉండేది. బావ అక్కడ ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఏడో నెలలో సీమంతం చేసి అక్కను పురిటికి మా ఇంటికి తీసుకొచ్చాం. వచ్చిన నాలుగు రోజులు బాగానే ఉంది. అమ్మ చేసిన రాగి సంగటి, వేరుశనక్కాయల చట్నీ, ఉలవచారు అన్నీ ఇష్టంగా తినింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వసారాలో మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుని, నన్ను పిలిచింది.

"మే, నాకు ఫడ్జ్ తినాలని ఉండాది."

"అదేంది?"

"చాక్లెట్‌తో చేస్తారు. కంటోన్మెంట్‌లో ఒక బేకరీ ఉండాది. మీ బావ ఆదివారం పూట తీసకపోయేవాడు. పొద్దున లేస్తే అదే గ్యాపకం వస్తా ఉండాది. ఏం తిన్నా నోటికి బాగలేదు."

"ఎట్ల ఉంటాది?"

అక్క కళ్లు మూసుకుంది. "పాలకోవా మాదిరి ఉంటాది గానీ పాలకోవా కాదు. నల్లగా ఉంటాది. పల్లు పెడితే తెగతాది, నాలిక మీద పెడితే కరగతాది. కరిగినాక ఒక రవ్వ చేదు. ఆ చేదు పోకముందే ఇంకోటి తినాలనిపిస్తాది."

నాకు తెలిసిన చాక్లెట్ అంటే అంగడిలో గాజు సీసాల్లో రంగు కాగితాలు చుట్టి ఉండే బిళ్లలే. అయితే అక్క బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు ఒక కోకో డబ్బా తెచ్చుకుంది. పాలల్లో కలుపుకుని తాగితే బిడ్డకు బలమని బావ కొనిచ్చాడట. ఆ పొడి వాసన చూశాను. కాల్చిన వేరుశనగ పొట్టుకూ కాఫీ గింజలకూ మధ్యలో ఉంది వాసన. పాలున్నాయి, నెయ్యి ఉంది, కోకో ఉంది. ఇంక కావలసింది తీపి.

చిక్కంతా ఆ తీపి దగ్గరే వచ్చింది.

మా నాయనకు బెల్లం మండీ ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో రైతులు గానుగాడి, వండి, బండ్ల మీద తెచ్చిన బెల్లాన్ని వేలం వేయించి బయటి వ్యాపారులకు అమ్మించడం ఆయన పని. వేలూరు నుంచి, గుడియాత్తం నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. చెరకు ఆడే రోజుల్లో మా వీధికి కొత్తవాళ్లు ఎవరైనా వస్తే దారి అడగాల్సిన పని లేదు, ముక్కు తీసుకొచ్చేస్తుంది. ఆ ఇంట్లో చక్కెర ఉండేది కాదు. కాఫీలో బెల్లమే, పాయసంలో బెల్లమే. రేషన్ కార్డు మీద వచ్చే చక్కెరను అమ్మ గుమ్మం దాటనివ్వకుండా పక్కింటివాళ్లకు ఇచ్చేసేది. "బెల్లం మండీ పెట్టుకోని ఇంట్లోకి చక్కెర తెస్తే, రేపు మనల్ని సూసి ఎవురు బెల్లం కొంటారు?" అనేవాడు నాయన. ఆ మాట తమాషాగా అన్నట్టు ఉండేది గానీ ఆయనకు అది తమాషా కాదు.

ఆ సాయంత్రం నాయన భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మ మెల్లగా కదిపింది.

"పెద్దది ఏందో బెంగుళూరు మిఠాయి అడగతా ఉండాది. కడుపుతో ఉన్న పిల్ల. అడిగింది పెట్టకపోతే బిడ్డకు చెవిలో చీము కారతాదంటారు. అరశేరు చక్కెర తెస్తే చిన్నది చేస్తానంటా ఉండాది."

నాయన చెయ్యి కంచంలోనే ఆగింది. నన్ను చూశాడు. "బెల్లంతో కాదా అది?"

కాదేమో అని తప్పించుకునే అవకాశం నాకు ఉంది. పైగా నాకు తెలియదు కూడా. కానీ ఆయన అడిగిన తీరు అట్లాంటిది. నా చదువు మీద వేసిన ప్రశ్న లాగా వినిపించింది.

"ఎందుకు కాదు నాయనా? అవుతాది," అన్నాను.

"అయితే చెయ్యి."

మరుసటి రోజు కాలేజీ నుంచి రాగానే మొదలుపెట్టాను. ఒత్తుల స్టవ్వు మీద ఇత్తడి బాణలి పెట్టి, చిక్కటి గేదెపాలు పోసి, మంచి పసుపుపచ్చటి బెల్లం తరిగి వేసి, కోకో చల్లి కలుపుతున్నాను. అక్క వంటింటి గడప మీద పీట వేసుకుని కూర్చుంది. అమ్మ పక్కన నిలబడింది. పాలు పొంగుకు వచ్చాయి. నేను నవ్వు మొహంతో అక్క వైపు తిరిగి మళ్లీ బాణలి వైపు తిరిగేలోపల పాలు విరిగిపోయాయి. నీళ్లు వేరై, ముద్దలు వేరై, వాటి మధ్య కోకో పొడి బంకమట్టిలాగా తేలుతోంది. వానకు మా వీధి చివర కాలవ ఎట్లా ఉంటుందో అచ్చం అట్లా ఉంది.

అక్క రెండు చేతులతో కడుపు పట్టుకుని నవ్వింది. "మే, నవ్వించబాక, బిడ్డ తంతా ఉండాది!"

నాయన రాగానే బాణలిని గడప అవతలికి తెప్పించి, చూసి తీర్పు చెప్పేశాడు. "పాలు మంచివి కాదు."

ఆ మాట తెల్లవారేసరికి పాలామె చెవిన పడింది. చెంబు కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడింది. "నా పాలు విరిగినాయా? యాడ విరిగినాయో సూపించమ్మా. నీ ముందర కాస్తా, విరిగితే ఈ వీధిలో మళ్లీ పాలు పొయ్యను." అమ్మ ఆమె ముందరే పాలు కాచింది. విరగలేదు. మీగడ మందంగా కట్టింది. పాలామె నాయన గది వైపు ఒక చూపు చూసి, చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

పాలు కాదని తేలింది. ఇంక మిగిలింది బెల్లం. నాయన ఆ సంగతి పైకి అనలేదు. సాయంత్రం మండీ నుంచి వచ్చేటప్పుడు తువ్వాలలో మూటగట్టి ఒక బెల్లం అచ్చు తెచ్చాడు. తనకు నమ్మకమైన రైతు గానుగలో వండించింది. బయటివాళ్లకు అమ్మకుండా ఇంటి కోసం, బంధువుల పెళ్లిళ్ల కోసం పక్కన పెట్టుకునే రకం. చేత్తో తట్టి చూపించాడు, గట్టిగా కంగుమంది. "ఇది ఎయ్యి. ఇది విరగదు."

అది ఇంకా తొందరగా విరిగింది.

ఆ రాత్రి నాయన మజ్జిగన్నం సగం కంచంలోనే వదిలి లేచిపోయాడు. అమ్మ నన్ను చూసి కళ్లతోనే 'ఊరుకో' అంది. నాకు ఆయన మీద జాలి వేసింది గానీ, దానికంటే ఎక్కువగా ఉత్సాహం వచ్చింది. ఎందుకంటే అప్పటికి నాకు సంగతి అర్థమైంది. పాలల్లో నిమ్మకాయ పిండితే ఎందుకు విరుగుతాయో మాకు క్లాసులో చెప్పారు. బెల్లంలో పులుపు ఉంది. అది చూపించాలి. చెప్తే నాయన నమ్మడు, చూపిస్తే నమ్ముతాడు.

మరునాడు మా కెమిస్ట్రీ మేడమ్‌ను చిన్న లిట్మస్ కాగితాల పుస్తకం ఒకటి అడిగాను. ఎందుకని ఆమె అడిగింది. "మా నాయన బెల్లాన్ని పరీక్ష చెయ్యాలి మేడమ్" అంటే నవ్వి, రెండు పుస్తకాలు ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాయన ముందుగానే వచ్చి ఉన్నాడు. వంటింట్లో ఉన్నాడు! మా నాయన వంటింట్లోకి రావడం నేను చూసింది లేదు. నీళ్లు కావాలన్నా గడప అవతల నుంచే అడిగేవాడు. ఇప్పుడు చొక్కా విప్పి బనియన్‌తో అమ్మ పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు కాగితం పొట్లాలు వరసగా. ఒక్కో పొట్లంలో ఒక్కో పల్లె బెల్లం.

"వీటిల్లో ఒకటన్నా విరగనిది ఉంటాది. పెట్టు పొయ్యి," అన్నాడు.

"పొయ్యి వద్దు నాయనా. ముందు పరీక్ష చేద్దాం."

ఒక్కో బెల్లం ముక్కను గిన్నెలో నీళ్లేసి కరిగించాను. నీలం లిట్మస్ కాగితం ముక్క ఒక్కో దాంట్లో ముంచాను. మొదటిది గులాబీ రంగుకు తిరిగింది. రెండోది కూడా. ఆయన నమ్మకం పెట్టుకున్న రైతు బెల్లంలో ముంచితే ఎర్రగా అయింది.

నాయన ఆ కాగితం ముక్కను వేలితో పట్టుకుని కిటికీ వెలుగులో చూశాడు. "ఎరుపంటే?"

"పులుపు ఉందని."

"నా బెల్లం పుల్లగా ఉండాదా?" గిన్నెలో వేలు ముంచి చప్పరించాడు. "యాడుండాది పులుపు? తియ్యగా ఉండాది గదా."

"అంత తక్కువ పులుపు నాలికకు తెలీదు నాయనా. పాలకు తెలుస్తాది."

"నేను ఇన్నేండ్లు నాలికతోనే బేరం చేసినా."

"బేరానికి నాలిక సరిపోతాది. పాలకు సరిపోదు."

కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. ఇంకో లిట్మస్ ముక్క చింపి తన నాలిక మీద పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత కాఫీలో ముంచాడు. తర్వాత అమ్మ నానబెట్టిన చింతపండు రసంలో ముంచి, అది భగ్గున ఎర్రబడితే చిన్నపిల్లవాడిలాగా "అబ్బా! సూడు!" అని అక్కను పిలిచాడు. ఆ పుస్తకంలో సగం కాగితాలు ఆ సాయంత్రం ఆయనే ఖర్చు చేశాడు.

పులుపు ఉందని తేలింది, సరే. ఇప్పుడేం చెయ్యాలి? దానికి జవాబు అమ్మ దగ్గర ఉంది. అంతవరకూ మునగాకు దూస్తూ కూర్చున్న అమ్మ అంది. "పొంగలికి బెల్లం ఎప్పుడేస్తాం? పాలల్లో బియ్యం ఉడికినాక, దించినాకే గదా. ముందరేస్తే విరగతాదని మా అమ్మ తిట్టేది. మీరిద్దురూ నన్ను అడిగితే గదా."

నేనూ నాయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

దాంతో పద్ధతి మార్చేశాను. పాలు విడిగా పెట్టి, కోవా అయ్యేదాకా మరిగించాను. అమ్మ తిప్పుతూ కూర్చుంది. కోవాలో విరగడానికి నీళ్లు మిగలవు. ఇంకో పొయ్యి మీద బెల్లం కరిగించి, వడగట్టి, పాకం పట్టాను. పులుపు సంగతికి నా దగ్గర మందు ఉంది. బజ్జీల్లో వేసే వంటసోడా. పాకం ఉడుకుతుండగా చిటికెడు సోడా వేశాను. వెంటనే పాకం నురుగు కట్టి బుసబుసమని బాణలి అంచుల దాకా లేచింది. నాయన పీటతో సహా వెనక్కి జరిగాడు.

"ఏమే అది? పేలతాదా?"

"గాలి నాయనా. పులుపూ సోడా కలిస్తే గాలి పుడతాది. అయిపోతే అదే అణగతాది."

అణిగింది. రంగు మాత్రం ముదిరింది, పసుపుపచ్చ పోయి కాఫీరంగు వచ్చింది. మామూలుగా అయితే నాయన ఆ రంగు బెల్లాన్ని వేలంలో ముట్టుకోడు. కానీ మాకు కావలసింది నల్లటి మిఠాయే కాబట్టి అది మాకు లాభమే. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలని నాకు తోచింది. గట్టి ఉండైతే పళ్లకు గట్టిగా తగిలే వేరుశనగ పప్పుండ అయిపోతుంది. అట్లా ఉండ రాగానే దించి, కాస్త చల్లారనిచ్చి, కోవా, కోకో, నెయ్యి వేసి కలిపాను. విరగలేదు. ముద్ద దగ్గర పడి, బాణలిని వదిలిపెట్టి, నల్లగా మెరిసింది. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, ఆరిన తర్వాత ముక్కలు కోశాను.

మొదటి ముక్క అక్కకు. నేనూ, అమ్మా, నాయనా ముగ్గురం ఆమె ముందు నిలబడ్డాం. అక్క నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"సబ్బు వాసన."

సోడా ఎక్కువైంది. ఎంత వెయ్యాలో నేను కళ్లతో అంచనా వేశాను, అది పొరపాటు. మళ్లీ చేసేటప్పుడు కొంచెం కొంచెం వేస్తూ, లిట్మస్ కాగితంతో చూసుకుంటూ పోయాను. నీలం నీలంగానే ఉండిపోయిన చోట ఆపేశాను. ఈసారి అక్క ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా చప్పరించింది.

"ఇది ఫడ్జ్ కాదు మే," అంది చివరికి.

నేను పళ్లెం వెనక్కి తీసుకోబోయాను.

"ఇంకో ముక్క పెట్టు," అని చెయ్యి చాపింది.

అది తిన్నాక ఇంకోటి అడిగింది. అప్పుడు చెప్పింది. రుచి దగ్గరకు వచ్చిందట. దానికంటే బాగుందో ఏమో తెలియదు గానీ వేరేగా ఉందట. కాకపోతే నాలిక మీద రవ్వ రవ్వగా తగులుతోందట. అది నున్నగా ఉండేదట.

ఆ ఆదివారం బావ బెంగుళూరు నుంచి వచ్చాడు. అక్క రాసిన ఉత్తరం అందినట్టుంది, చేతిలో అట్టపెట్టె ఉంది. దారానికి మెలిక వేసి కట్టిన తెల్లటి పెట్టె. విప్పితే లోపల నూనె కాగితం మీద నలుచదరపు ముక్కలు, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేకుండా. అసలు ఫడ్జ్! నేను ఇన్నాళ్లూ చెయ్యడానికి తిప్పలు పడుతున్నది ఇది.

ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఉన్నమాట చెప్పాలి. నునుపుకు అది సాటి లేనిది. వెన్నపూస లాగా నాలిక మీద జారిపోయింది. ఇంత నున్నగా చెయ్యచ్చని నేను అనుకోలేదు. కానీ తీపి మాత్రం ఒంటి తీపి. నా దాంట్లో గానుగ దగ్గర నిలబడితే వచ్చే వాసన ఉంది, ఉప్పదనం ఒక రవ్వ ఉంది, ఆ తర్వాత చేదు వచ్చేది. దీంట్లో తీపి వచ్చింది, చేదు వచ్చింది, అంతే.

నాయన చక్కెర మిఠాయి తింటాడని ఎవరం అనుకోలేదు. అయినా అడిగి మరీ ఒక ముక్క తీసుకున్నాడు. బెల్లం రుచి చూసేటప్పుడు చేసినట్టే నాలిక మీద పెట్టుకుని, నోరు మూసుకుని కరగనిచ్చాడు.

"ముందే వచ్చింది, ముందే పోయింది. ఎనక ఏమీ లేదు," అన్నాడు.

బావ ఇబ్బంది పడ్డాడు. మామగారిని కాదనలేడు, మోసుకొచ్చిన మిఠాయిని తక్కువ చెయ్యలేడు. నేను చేసింది తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తిన్నాడు. నేను అడక్కుండానే ఇంకోటి తీసుకున్నాడు. బావ ఊరు పలమనేరు, మనిషి నెమ్మది.

"నేను పెట్టె కట్టించుకునేటప్పుడు బేకరీ ఆయన్ను అడిగినా," అన్నాడు. "ఇంత నున్నగా ఎట్ల వస్తాదని. దించినాక చల్లారేదాకా గరిటె పెట్టరంట. గోరువెచ్చగా అయినంక, అప్పుడు చేతులు పడిపోయేదాకా కొడతారంట. మెరుపు పోయేదాకా కొట్టాలంట."

"బావా, ఆ మాట ముందే రాసుంటే!" అన్నాను.

"నువ్వు చేస్తా ఉండావని మీ అక్క రాయలేదు. తెచ్చి పెట్టమనే రాసింది."

అక్క వినపడనట్టు గోడ వైపు తిరిగింది.

మధ్యాహ్నమే మళ్లీ పొయ్యి వెలిగించాం. ఈసారి కోవాను పలుచటి గుడ్డ గుండా గట్టిగా నొక్కి తీసి రవ్వ లేకుండా చేశాను. పాకం, కోవా, కోకో కలిపి దించి గరిటె పక్కన పెట్టేశాను. అమ్మకు అది చూస్తే చెయ్యి ఊరుకోవడం లేదు. తిప్పకపోతే ఎట్లా అని రెండుసార్లు వచ్చింది, నేను బాణలికి అడ్డం కూర్చున్నాను. గోరువెచ్చగా అయ్యాక బావ చొక్కా చేతులు మడిచి, బాణలిని రెండు పాదాల మధ్య పెట్టుకుని, చెక్క తెడ్డుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన అలిసిపోతే నేను, నేను అలిసిపోతే ఆయన. నాయన గడప దగ్గర నిలబడి "ఇంకా మెరస్తా ఉండాది, ఇంకా" అని చెప్తున్నాడు. ముద్ద రంగు మెల్లగా మారింది. మెరుపు పోయి, తడి ఆరిన నల్లరేగడిలాగా అయింది. పళ్లెంలో పరిచి సాయంత్రం కోశాం.

అక్క తిని, తలెత్తి నన్ను చూసి, "ఇప్పుడు సరే," అంది. అంతే అంది. కానీ ఆ మరునాటి నుంచి బేకరీ పెట్టెలో మిగిలిన ముక్కలు చీమలు పట్టేదాకా అట్లాగే ఉన్నాయి. నా పళ్లెం మాత్రం ఖాళీ అయింది.

కార్తీకంలో ముసురు పట్టిన ఒక పొద్దున అక్కకు ఆడపిల్ల పుట్టింది. నాయన ఆసుపత్రి నుంచి తడుచుకుంటూ ఇంటికి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా నాతో అన్నాడు. "పాపా, మండీలో అందురికీ తీపి పంచాల. ఆ నల్ల కోవా చెయ్యి."

ఎవరికైనా బిడ్డ పుడితే చక్కెర పంచడం మా ఊళ్లో వాడుక. నాయన మాత్రం బెల్లం ముక్కలు పంచేవాడు. ఈసారి నేను చేసింది పంచుతానన్నాడు. మండీలో అందరికీ అంటే రైతులు, వ్యాపారులు, హమాలీలు, బండ్లవాళ్లు. పళ్లెంతో అయ్యే పని కాదు. పెరట్లో రేకుల కింద మూడు రాళ్లు పెట్టి, పెళ్లిళ్లకు వాడే పెద్ద బాణలి ఎక్కించాను. అమ్మ ఆసుపత్రిలో అక్క దగ్గరే ఉంది. పాలామె తానే వచ్చి కూర్చుంది. "ఇవి విరిగితే నన్ను అడగొద్దని మీ నాయనకు సెప్పు," అని పాలు పోసి, కోవా తిప్పడానికి సాయం పట్టింది. అక్కకు కొత్త కోకో డబ్బాలు తీసుకుని ముందురోజే బెంగుళూరు నుంచి దిగిన బావ తెడ్డు పట్టుకున్నాడు. ఏది ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు మంట తగ్గించాలో నేను చెప్పడం, వాళ్లు చెయ్యడం. నాకంటే పెద్దవాళ్లకు అట్లా పనులు చెప్పడం నాకు అదే మొదలు. ఏమాత్రం బెరుకు లేదు.

అంతా బాగానే జరిగింది. కానీ అది గట్టిపడలేదు. వాన గాలిలో తేమ ఎక్కువ, ముద్దా పెద్దది. కొట్టగా కొట్టగా మెరుపు పోయింది గానీ ముక్క కోస్తే కత్తికి అంటుకుని సాగుతోంది. బావ నీరసంగా నా వైపు చూశాడు. "ఇంకాసేపు పొయ్యి మీద పెడదామా?"

పెడితే అడుగంటుతుంది, రవ్వ కడుతుంది. నేను ఒక్క నిమిషం ఆలోచించాను. మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి వేరుశనక్కాయలు. "వద్దు బావా. ముక్కలు వద్దు, ఉండలు చేద్దాం," అన్నాను. వేరుశనగ విత్తనాలు వేయించి, పొట్టు తీసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. చేతులకు నెయ్యి రాసుకుని ముద్దను ఉండలు చుట్టి, ఆ పొడిలో దొర్లించాం. అంటుకోవడం ఆగిపోయింది. పైన కరకర, లోపల మెత్తన. పాలామె ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి కొంగులో ముడేసుకుని, "మా పిల్లోడికి," అంది.

పెద్ద గిన్నెలో సర్ది మూత పెట్టి నాయనకు ఇస్తే ఆయన తీసుకోలేదు.

"నువ్వూ రా. ఇదేంది అని అడిగితే నేను ఏమని సెప్పేది?"

నేను మండీ లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. బయటి నుంచి చూడడమే తప్ప ఆడపిల్లలు లోపలికి పోయే చోటు కాదది. బెల్లం అచ్చుల వరసల మధ్య, కాళ్లకు అంటుకునే నేల మీద, గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నాయన గొంతు పెంచి, "మా మనవరాలు పుట్టింది. మా చిన్నపాప చేసింది, తీసుకోండప్పా!" అన్నాడు. జనం చుట్టూ చేరారు. మనవరాలి సంగతి కంటే నల్లటి ఉండల సంగతే ఎక్కువ అడిగారు. గుడియాత్తం నుంచి వచ్చిన తమిళ వ్యాపారి ఒకాయన, తెల్ల పంచె, నుదుట విభూతి, ఉండ కొరికి నా వైపు చూశాడు.

"ఏమ్మా, ఇది వెల్లమా? సత్తెంగా?"

"సత్తెంగా బెల్లమే. ఈ వరసలోదే," అని చూపించాను.

"కోకో వేసినారా? మా ఊళ్లో కాన్వెంట్‌లో ఒక సిస్టర్ చేస్తాది. అది చక్కెర. ఇది వేరే మాదిరి ఉండాది," అని ఇంకొకటి తీసుకుని కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. వేలం ఆ రోజు ఆలస్యంగా మొదలైంది. వేలం పాడేవాడి నోట్లో కూడా ఉండ ఉంది మరి. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎవరేమడిగినా తడుముకోకుండా చెప్పాను. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా నాకు అంత ధీమా రాలేదు.

ఆ వారంలోనే ఇద్దరు ముగ్గురు వ్యాపారుల ఇళ్ల నుంచి ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు, ఎట్లా చెయ్యాలో చెప్పమని. నేను చాప వేసి కూర్చోబెట్టి వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. కోవా విడిగా, పాకం విడిగా అన్నంతవరకూ నాయన బయట అరుగు మీద వింటూ ఉన్నాడు. సోడా మాట రాబోతుంటే దగ్గాడు. నన్ను బయటికి పిలిచాడు.

"సోడా సంగతి సెప్పొద్దు."

"ఎందుకు నాయనా?"

"బెల్లంలో పులుపు ఉండాది, పాలను విరిచేస్తాది అని మన నోటితోనే సెప్తామా? పరువు తక్కువ గదా."

"సెప్పకపోతే వాళ్ల పాలు విరగతాయి. విరిగితే ఎవుర్ని అంటారు? నీ బెల్లం మంచిది కాదంటారు."

నాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. వీధిలో పోతున్న బండిని కాసేపు చూశాడు. "నిజమే," అన్నాడు. "అయితే సెప్పు. ఎంత ఎయ్యాలో కూడా సరిగ్గా సెప్పు. సబ్బు వాసన వచ్చినా మననే అంటారు."

నేను లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాను. ఎక్కడ ఆపానో అడిగి, మళ్లీ మొదలుపెట్టాను.